సెలవెరగని సర్వరు

మా ఆఫీసులో అందరికీ అన్నీ తెలుసు, ఒక్క గౌరీశ్వరి గారికి తప్ప. రోజుకోసారైనా ఆవిడ నోట "ఇది ఎందుకిలా చేస్తోందో నాకు తెలీదు, చూడాలి" అనే మాట రావలసిందే. కంప్యూటర్ల గదిని చూసుకునే మనిషే అలా అంటుంటే మొదట్లో నా గుండె జారిపోయేది. ఓడల్లోకి సరుకు ఎక్కించి దించే కంపెనీ మాది. లారీలకు గేటు పాసులు ఇవ్వడం నా పని. ఆ పాసులు ఆవిడ గదిలో యూనిక్స్ అనే పద్ధతి మీద నడిచే పెద్ద సర్వరు నుంచే రావాలి. అది కాసేపు మొరాయిస్తే డ్రైవర్లంతా వచ్చి నా కిటికీ మీద పడతారు. అందుకని ఆ గదిలో ఏం జరుగుతోందో ఓ కన్నేసి ఉంచడం నాకు అలవాటైంది.

గౌరీశ్వరి గారి నాన్న బందరు వైపు నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి వచ్చి గాజువాకలో ఇల్లు కట్టుకున్నారు. ఈవిడ అక్కడే పెరిగి, డిగ్రీ చదివి, తొంభైల మధ్యలో మా దగ్గర డేటా ఎంట్రీకి చేరారు. అప్పటి ఇన్‌చార్జి కంప్యూటర్ పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకునే రకం. ఈవిడ బీరువా జోలికే పోలేదు. యూనిక్స్‌లో ఒక సదుపాయం ఉంది: ఏ కమాండు గురించి అడిగినా దాని వివరమంతా మిషనే తెర మీద చూపిస్తుంది. మధ్యాహ్నం మేమంతా క్యారియర్లు విప్పుకుని కబుర్లలో పడితే, ఆవిడ ఒక చేత్తో పెరుగన్నం తింటూ రెండో చేత్తో మిషన్ని దాని గురించే అడుగుతూ కూర్చునేవారు. ఆ ఇన్‌చార్జి ఉద్యోగం మారి వెళ్లిపోయేనాటికి, ఆయన చెప్పనిదంతా మిషనే చెప్పేసింది. ఆయన కుర్చీ ఈవిడకు వచ్చింది.

కుతూహలమంటే అలా ఇలా కాదు. ఒక ఎండాకాలం సర్వరు వేడెక్కిపోతున్నానని తెర మీద హెచ్చరికలు చూపించడం మొదలుపెట్టింది. వెనక మూత తీసి చూస్తే, గాలి లాక్కునే జాలీ నిండా ఎర్రటి ఖనిజం దుమ్ము. దులిపేసి ఊరుకోవచ్చు కదా! ఆ దుమ్ము ఎటునుంచి వస్తోందో తెలియాలని తడిపిన తెల్లగుడ్డ ముక్కలు గదినిండా వేలాడదీశారు. నాకు ఒళ్లు మండింది.

"ఏటండీ ఇది, భూతవైద్యుడి కొట్టులాగుంది?" అన్నాను.

"భూతమైతే ఎటునుంచి వచ్చిందో చెప్పలేం సుమంత్ గారూ. దుమ్ము సంగతి గుడ్డ చెబుతుంది," అన్నారు నవ్వుతూ.

గుడ్డ చెప్పింది కూడా. ఏసీ గొట్టం కోసం గోడకు పెట్టిన కన్నం ఎవరూ పూడ్చలేదు. ఎలక్ట్రీషియన్ తవిటయ్య ఒక సిమెంటు ముద్దతో దాన్ని మూసేశాక హెచ్చరికలు ఆగిపోయాయి. నేను ఒప్పుకోలేదు గానీ, ఆ రోజు నుంచి ఆవిడ "చూడాలి" అంటే నాక్కూడా చూడాలనిపించేది.

ఆవిడకు ఒక్క విషయంలో మాత్రం గర్వం ఉండేది. సర్వరు ఎంతకాలంగా ఆగకుండా నడుస్తోందో చెప్పే కమాండు ఒకటుంది. పొద్దున్నే చెప్పులు బయట విడిచి గదిలోకి రాగానే ముందు అది కొట్టి చూసుకునేవారు. కరెంటు పోతే బ్యాటరీలు, బ్యాటరీలు అయిపోతే జనరేటరు. తుపాను వచ్చి మద్దిలపాలెంలో బస్సులు ఆగిపోయిన రోజున కూడా మా సర్వరు ఆగలేదు. ఏళ్ల తరబడి ఆగలేదు.

చివరికి దసరాకి కూడా ఆగలేదు. ఆయుధపూజకి మా కంపెనీలో క్రేన్లు, లారీలు, తూకం యంత్రాలు, టైపు మిషన్లు అన్నీ ముందురోజు సాయంత్రం ఆగిపోవాలి. మర్నాడు వాటిని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టాకే మళ్లీ కదలాలి. ఈ పూజకి పెద్ద తవిటయ్యే. ఆవిడ ఏటా ఒక పాడైన కీబోర్డు తెచ్చి పూజలో పెట్టేవారు. సర్వరు తరఫున బొట్టు దానికి పడేది. సర్వరు మాత్రం తలుపు వెనక గుట్టుగా తిరుగుతూనే ఉండేది.

రెండువేల రెండులో మేనేజర్ కామరాజు గారు ఆవిడను పిలిచారు. తలుపు దగ్గర ఫైలు పట్టుకుని నేనూ ఉన్నాను.

"ఇదిగో అమ్మా, కొత్త సర్వరు దసరా వెళ్లాక వచ్చేస్తోంది. పాతదాంట్లో ఉన్నదంతా దాంట్లోకి మేం మారుస్తామని హైదరాబాదు కంపెనీ వాళ్లు తిరుగుతున్నారు. అప్పటిదాకా ఇది పేచీ పెట్టకుండా నడిచిందనుకో, ఆ పని నీది, కొత్త సర్వరూ నీదే. పేచీ పెట్టిందా, అది వాళ్లకే. నువ్వు బిల్లింగు సెక్షన్‌కి వెళ్లాలి. ఏమీ అనుకోకు."

ఆవిడ బయటకు వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయారు. కొత్త మిషన్ తాలూకు రంగుల కాగితం అప్పటికే చేతిలో నలిగి ఉంది. దాని మూత తీసి చూడాలని ఆవిడకు ఎంత ఆశో నాకు తెలుసు. ప్రమోషన్ కోసం కూడా ఎవరూ అంత ఆశపడరు.

సరిగ్గా ఆ ఏడాదే కీబోర్డు గుట్టు బయటపడింది. పూజకు ముందురోజు సామాన్లు సర్దుతూ తవిటయ్య సర్వరు గది తలుపుకి చెవి ఆనించాడు.

"ఏటమ్మా ఇది! కీబోర్డుకి బొట్టెట్టి మిషన్ని దాసేత్తన్నావా? మడిసికీ మిషనికీ ఒక్క పూటైనా ఒల్లు ఆన్చొద్దా?"

వెనకే కామరాజు గారు ఉన్నారు. ఆ ఏడాది రెండు క్రేన్లు ముప్పుతిప్పలు పెట్టడంతో ఆయన భక్తి బాగా పెరిగి ఉంది. ఈసారి దేనికీ మినహాయింపు లేదు, ఆపమన్నారు.

"దీన్ని ఆపకపోతేనే మంచిది సార్," అన్నారు గౌరీశ్వరి గారు.

"ఎందుకని?"

ఆవిడ తల వంచుకుని గదిలోకి వెళ్లిపోయారు. ఆయన వెళ్లాక నేను అడిగాను. "ఆపితే ఏటవుద్దండీ?"

"తెలీదు," అన్నారు. మొట్టమొదటిసారి, ఆ మాట పక్కన "చూడాలి" రాలేదు.

పద్ధతి ప్రకారం లెక్కలన్నిటికీ నకలు తీసి టేపు మీదకు ఎక్కించి, సాయంత్రం సర్వరుని ఆపారు. ఇన్నేళ్లుగా వింటున్న హోరు ఆగిపోతే గదిలో గోడగడియారం ఉందని అప్పుడు తెలిసింది నాకు.

మర్నాడు పొద్దున్న పూజ బ్రహ్మాండంగా జరిగింది. తవిటయ్య సర్వరుకే స్వయంగా, దుమ్ము రాలకుండా తడి కుంకుమతో బొట్టు పెట్టాడు. అందరూ కిందికి పులిహోరకి వెళ్లారు. గదిలో ఆవిడా, తవిటయ్యా, నేనూ మిగిలాం. ఆవిడ దణ్ణం పెట్టుకుని స్విచ్చి నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి, దీపాలు వెలిగాయి, తెర మీద వరసగా అక్షరాలు పరిగెత్తాయి. పరిగెత్తి, ఒకచోట ఆగిపోయాయి. లెక్కలన్నీ దాచుకునే డిస్కు మిషన్‌కి కనబడటం లేదట.

లోపలి నుంచి, ఏదో లేవబోయి లేవలేక చతికిలబడుతున్న చప్పుడు.

గౌరీశ్వరి గారి ముఖం పాలిపోయింది. లెక్కలన్నీ టేపులో భద్రంగానే ఉన్నాయి, కానీ వాటిని ఎక్కించడానికి మరో డిస్కు కావాలి. అది చెన్నై నుంచి రావాలి. సాయంత్రానికి ఓడ, ఓడ కోసం లారీలు. అది కంపెనీ గొడవ. ఆవిడ గొడవ వేరే. చేతికి అందబోతున్న కొత్త మిషన్ అక్కడే, మా కళ్లముందే హైదరాబాదు వాళ్ల పాలవుతోంది. నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనయింది.

ఆవిడ మరలు విప్పి డిస్కుని బయటకు తీశారు. కొబ్బరికాయలో నీళ్లున్నాయో లేవో చూసినట్టు చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపారు.

"ఇన్నేళ్లు ఆగకుండా తిరిగింది. రాత్రి చల్లబడి లోపల అంటుకుపోయింది," అన్నారు. భయం ఎటు పోయిందో గానీ, ఆ గొంతులో పాత ఆరా మళ్లీ వినిపించింది. డిస్కుని అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టి, గట్టిగా పట్టుకుని, మణికట్టుతో చటుక్కున తిప్పి ఆపారు. మళ్లీ బిగించి స్విచ్చి నొక్కారు. చతికిలబడింది. మళ్లీ తీసి, మళ్లీ తిప్పారు. ఈసారి సన్నగా మొదలైన కూత నెమ్మదిగా నిలకడపడింది. అక్షరాలు ఆగిన చోటు దాటి ముందుకు కదిలాయి.

"లేసింది!" అని తవిటయ్య కేక పెట్టాడు. వెంటనే గొంతు తగ్గించాడు. "లేసింది గదమ్మా, ఇంకెవులికీ సెప్పకు. నాను సెప్పను. ఈ సుమంతు బాబూ సెప్పడు."

నేను తల ఊపాను. ఎందుకు చెబుతాను? ఎవరూ చూడలేదు, ఏ పనీ ఆగలేదు.

ఆవిడ మాత్రం ఆ తెరనే చూస్తూ నిలబడ్డారు. "ఇది ఇవాళ పాడైంది కాదు తవిటయ్య గారూ. ఎప్పుడో పాడైంది. ఏడాదికోసారి ఆపి ఉంటే ఎప్పుడో తెలిసేది. అన్నీ చూడాలనే దాన్ని, ఇదొక్కటి చూడటానికి నాకు భయమేసింది." అని, చీర కొంగుతో చేతులు తుడుచుకుని మేనేజర్ గదికి మేడెక్కారు. వద్దండీ, వద్దండీ అంటూ నేను వెనకే పోయాను.

కామరాజు గారు అంతా విన్నారు. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఆగదు, ఆగదు అని ఇన్నేళ్లూ చెప్పావు కదమ్మా!"

"ఆగదనే చెప్పాను సార్. ఆగితే లేస్తుందో లేదో నాకే తెలీదు. ఆ సంగతి చెప్పలేదు."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా ఇది?"

"తెలిసేది కాదు సార్. కొత్తది వచ్చాక దాని సంగతీ తెలిసేది కాదు. అది ఎవరి చేతికిచ్చినా, అప్పుడప్పుడూ ఆపి చూడమని చెప్పండి. అందుకే వచ్చాను."

ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీశారు. "హైదరాబాదు వాళ్లు కొత్తది ఎప్పటికీ ఆగదని రాసిచ్చారమ్మా నాకు," అన్నారు. "వచ్చిన రోజునే నువ్వు దాన్ని ఆపి చూపించు. నేనూ వస్తాను."

కొత్త సర్వరు దీపావళికి వచ్చింది. ఆవిడే మూత విప్పారు, ఆవిడే పాతదాంట్లోంచి అంతా మార్చారు. నా మొదటి గేటు పాసు వచ్చాక అందరం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు ఆగకముందే, కామరాజు గారు చూస్తుండగా, ఆవిడ వంగి దాన్ని ఆపేశారు. తెర నల్లబడింది. మేనేజర్ గారు కుర్చీ పట్టుకున్నారు, తవిటయ్య కళ్లు మూసుకున్నాడు, నేను కిటికీ బయట లారీల వరస చూసి చెమటలు పట్టి నిలబడ్డాను. గౌరీశ్వరి గారు మాత్రం కాస్త ముందుకు వంగి, ఆ నల్లటి తెరకేసి నవ్వుతూ చూస్తున్నారు.

"ఏమవుతుందో చూద్దాం," అని స్విచ్చి మీద వేలు పెట్టారు.