షమీమ్ ఉపగ్రహం, నా పది పొలాలు

నిన్న పొద్దున షమీమ్ తమ్ముడు ఫోన్ చేసి "అక్క పోయిందండీ" అన్నాడు.

ఏ అక్క అని అడిగాను. వాడికి ఉన్నది ఒక్కతే అక్క.

హార్ట్ ఎటాక్ అట. నాకింకా నమ్మకం కుదరడం లేదు.

ఇద్దరం బెజవాడ అమ్మాయిలమే. బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ ఒకే బ్యాచ్, ఒకే రూమ్. పంటల్నీ నీటినీ పైనుంచి ఫొటోలు తీసే ఉపగ్రహాల ఆఫీసుకి, హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి కూడా కలిసే వెళ్ళాం.

దానికి వచ్చింది. నాకు రాలేదు.

నాకు పామర్రులో వ్యవసాయాధికారి పోస్ట్ వచ్చింది. మంచి ఉద్యోగమే. కానీ కడుపుమంట చల్లారలేదు.

తొంభైల్లో వాళ్ళ ఉపగ్రహాన్ని ప్రయోగించిన రోజు షమీమ్ శ్రీహరికోటలో ఉంది. నేను ఇంట్లో టీవీ ముందు ఉన్నాను. "మీ ఫ్రెండ్ కనపడతందా?" అని మా అత్తగారు అడిగారు. రాకెట్ పైకి లేస్తుండగానే టీవీ కట్టేసి "వోల్టేజ్ సరిగా లేదండీ" అన్నాను.

అంత కుళ్ళు నాది.

కొన్నాళ్ళకి షమీమ్ మా ఆఫీసుకి ఫోన్ చేసింది.

"ఏమే సునీతా, ఎల్లుండి పదిన్నరకి మా ఉపగ్రహం మీ మీదుగా పోద్ది. అదే పూట నేను చెప్పే పది చోట్లకీ వెళ్ళి, ఏం పంట ఉందో చూసి రాసి పంపవే. ఫొటోలో రంగు చూసి వరో కాదో తేల్చాలంటే కింద ఒక మనిషి ఉండాలి. నిన్ను తప్ప ఎవర్నీ నమ్మను."

నేను వెళ్ళలేదు.

అది ఆకాశంలో, నేను బురదలోనా అనిపించింది. ఫ్యాన్ కింద కూర్చుని, నిరుటి రిజిస్టర్ చూసి, పది చోట్లా వరి అని రాసి పంపేశాను.

అందులో రెండు చోట్ల అప్పటికే చేపల చెరువులు తవ్వేశారు. అక్కడే ఉన్న నాకు తెలియలేదు, పైనుంచి చూసిన దానికి తెలిసింది.

వారం తిరక్కుండా షమీమ్ బస్సెక్కి వచ్చేసింది. చెప్పులు చేత్తో పట్టుకుని పది చోట్లకీ గట్ల వెంట నడిచింది. చెరువు దగ్గర చాలాసేపు నిలబడింది. నేను వెనకే తల దించుకుని నిలబడ్డాను.

"చేపలు బానే పెరుగుతున్నట్టున్నాయే" అంది. అంతే.

వాళ్ళ ఆఫీసు రిపోర్ట్ వచ్చాక చూస్తే, పొలాల పరిశీలన అన్న చోట నా పేరు ఉంది. నా ఒక్కదాని పేరే.

థాంక్స్ చెప్పలేదు. ఇనిషియల్ తప్పు పడిందని ఫోన్ చేసి దెబ్బలాడాను. ఆ తర్వాత నేనుగా ఫోన్ చేసింది లేదు. క్రిస్మస్‌కి విషెస్ చెప్పడానికి అదే చేసేది. రంజాన్‌కి కూడా అదే చేసేది.

నిన్న బెజవాడ వన్‌టౌన్‌లో వాళ్ళింట్లో కాలు పెట్టే చోటు లేదు. హైదరాబాద్ నుంచి ఆఫీసు వాళ్ళంతా వచ్చారు. నేను పోతే ఇంతమంది వస్తారా అని అక్కడ కూడా ఆలోచించాను. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను.

షమీమ్ కూతురు నా చెయ్యి పట్టుకుని వాళ్ళకి పరిచయం చేసింది. "అమ్మీ చెప్పే పామర్రు ఆంటీ ఈవిడేనండీ. ఉపగ్రహం తప్పు చెప్పినా మా సునీత చెప్పదు అనేది."

ఒకాయన లేచి కుర్చీ ఇచ్చారు.

కూర్చున్నాను.

అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాసి అందరి ముందూ చెబుతున్నాను. ఆ రోజు నేను పొలానికి వెళ్ళలేదు. వెళ్ళింది షమీమ్. ఆ రిపోర్ట్‌లో ఉండాల్సింది దాని పేరు.

వెళ్ళిరావే. నీ దేవుడూ నా దేవుడూ నిన్ను చల్లగా చూసుకోవాలి.

ప్రశాంతంగా పడుకో. ఇక నాకు కుళ్ళుకోవడానికి కూడా ఎవరూ లేరు.