రెండు భాషల మా పాప కోసం గడప దగ్గర నిలబడిన టీచరమ్మ

మా పాప మాట్లాడింది. మూడేళ్లు దాటినా నోరు విప్పని మా పాప మొన్న ఆదివారం పొద్దున మాట్లాడింది. ఈ మాట అందరికంటే ముందు ఎవరి చెవిన వెయ్యాలో ఆ మనిషి, ప్రొద్దుటూరులో మా పక్కింటి టీచరమ్మ, అంతకు ముందు గురువారమే కన్నుమూసింది. మూడు రోజులు ఆగి ఉంటే వినేది. ఇంత సంతోషం, ఇంత దుఃఖం ఒకే వారంలో మోయడం నావల్ల కావడం లేదు. అందుకే నాకున్న కొద్దిపాటి చదువుతో ఇది రాస్తున్నాను. తప్పులుంటే చదివేవాళ్లు మన్నించండి.

టీచరమ్మ పంతుళ్లకు పాఠాలు నేర్పే ట్రైనింగు స్కూల్లో పనిచేసి రిటైరయింది. ఇంట్లో ఊరికే కూర్చున్న మనిషి కాదు. పసిపిల్లలకు మాట ఎలా వస్తుందో తెలుసుకోవడమే ఆమె పని. మా వీధుల్లోనే కాక బస్సెక్కి జమ్మలమడుగు పోయేది, పులివెందుల పోయేది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే పిల్లలున్న ఇళ్లంటే ఆమెకు మరీ ఇష్టం. అరుగు మీద కూర్చొని ఆ ఇంటివాళ్లతో పాటు శనక్కాయలు వొలుస్తూ వినేది. నేను గుడ్డల మూటతో సంతలకు తిరిగేవాణ్ణి కాబట్టి చాలాసార్లు ఒకే బస్సులో వచ్చేవాళ్లం. దారిపొడవునా ఆ పిల్లల సంగతులే చెప్పేది. ఏ పిల్లవాడు ఈ వారం ఏ కొత్త మాట పట్టాడో, బంగారం దొరికినంత సంబరంగా చెప్పేది. రెండు భాషలు కలిపి మాట్లాడే పిల్లను చూసి పెద్దవాళ్లు నవ్వితే ఆమెకు కోపం వచ్చేది. పిల్లలు చేతికి దగ్గరగా ఉన్న మాటను వాడుకుంటున్నారు, అందులో నవ్వేదేముంది అనేది. అలాంటి పిల్లకు మాటలు తక్కువని ఎవరైనా అంటే, ఒక్క భాష గంపే చూసి చెప్తున్నారు, రెండో భాష గంప కూడా దించి చూడండి అనేది.

ఆమెకు ఒక అలవాటుండేది. కొంగున బొరుగులు కట్టుకొని వచ్చేది. గుప్పెడు తీసి పిల్లల ముందు చెయ్యి చాపి, గుప్పిట తెరవడం మరిచిపోయినట్టు ఎటో చూస్తూ కూర్చునేది. ఇది ఏంది, అది ఏంది అని ఏ పిల్లనూ అడిగేది కాదు. పిల్లలే ఉండబట్టలేక ఏదో ఒక మాట అనేవాళ్లు, గుప్పిట తెరుచుకునేది. మా పాప ఏమీ అనేది కాదు. ఆ వేళ్లను ఒక్కొక్కటే ఊడదీసేది. టీచరమ్మ అలాగే ఊడదీయించుకునేది. మాట అనకుండా ఇవ్వొద్దని మా అక్క అంటే, ఇది మాటకు కూలి కాదమ్మా అని నవ్వేది.

మా ఇంటి సంగతి చెప్పాలి. వయసు మళ్లినాక రెండో పెళ్లి చేసుకున్నాను. ఆమెది బళ్లారి. కన్నడం తప్ప తెలుగు అంతంత మాత్రం. నా జుట్టు తెల్లబడ్డాక పుట్టింది మా పాప. తెలియనివాళ్లు నా మనవరాలనుకుంటారు. ఆ పిల్ల మాట్లాడకపోయేసరికి ఇంటిని నడిపే మా అక్క చెయ్యని వైద్యం లేదు. నాలుక మీద వస రాసింది. చిలక కొరికిన జామకాయ వెతికి తెచ్చి పెట్టింది. గండి ఆంజనేయస్వామికి మొక్కుకుంది. చివరికి బాగా చదువుకున్న పెద్దమనిషి ఒకాయన మా ఇంటికి వచ్చి, రెండు భాషల మధ్య పిల్ల నలిగిపోతోంది, ఒకటి ఆపెయ్యండి అని తేల్చాడు. ఏది ఆపాలో ఎవరూ అడగలేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్లారి అటు కన్నడం వాళ్ల పక్కకు పోయింది కదా, మా ఇంటిదాని భాషను కూడా అటే పంపించెయ్యాలని అందరూ అనుకున్నారు. నేను సంతల మీద ఉండగానే అక్క ఆజ్ఞ వేసింది. ఇంట్లో కన్నడం వినపడకూడదు.

మా ఇంటిది ఎదురు చెప్పలేదు. రాని తెలుగులో బిడ్డతో ఏం మాట్లాడాలో తెలియక మాట్లాడడమే మానేసింది. మౌనంగా నీళ్లు పోసేది, మౌనంగా తల దువ్వేది, జోల కూడా పాడకుండా పడుకోబెట్టేది. ఇదే బాగుపడే దారి అనుకున్నారు మావాళ్లు.

నేను ఇల్లు చేరిన రోజే టీచరమ్మ వచ్చింది. కాసేపు కూర్చొని తల్లినీ బిడ్డనూ చూసి, మా అక్క వైపు తిరిగింది.

"ఏమ్మా, ఈ ఇంట్లో మూగది ఎవరు? పాపా, పాప వాళ్లమ్మా?"

అక్కకు రోషం వచ్చింది. "నువ్వు ఒకర్ని కన్నావా, పెంచినావా? నీకేం తెలుసు టీచరమ్మా."

"కనలేదమ్మా. శానామంది మాటలు విన్నా."

తర్వాత ఆమె మా ఇంటిదానితో, బిడ్డతో నీకు వచ్చిన భాషలోనే ఏదన్నా చెప్పు తల్లీ అంది. అక్క ముందు భయపడుతూనే ఆమె కన్నడంలో, ఆ చెంబు తీసుకుపోయి అత్తకు ఇచ్చి రా అని మెల్లగా చెప్పింది. పాప లేచింది. చెంబు రెండు చేతులతో పట్టుకొని పోయి మా అక్క ఒడిలో పెట్టింది. తిరిగి వచ్చి తల్లి మోకాలు పట్టుకొని నిలబడింది, ఇంకేమన్నా చెప్పు అన్నట్టు.

ఎప్పుడు మాట్లాడుతుందని నేను అడిగితే, టీచరమ్మ తెలియదనే చెప్పింది. దొంగ ధైర్యం ఇచ్చే మనిషి కాదు. "బిడ్డకు చెవులు పని చేస్తాండాయి, తలకాయ పని చేస్తాంది. ఎప్పుడు పలుకుతాదో నేను చెప్పలేనప్పా. వాళ్లమ్మ నోరు మూసినందుకు మాత్రం పలకదు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో కన్నడం మళ్లీ వినపడింది. అయినా పాప పలకలేదు. నెలలు గడిచాయి. పులివెందులలో ఉన్న మా తమ్ముడు, పాపను తమ ఇంట్లో ఉంచుకుంటాను, అచ్చ తెలుగు మధ్య పెరిగితే నోరు తిరుగుతుందన్నాడు. అక్క సరేనంది. తమ్ముడు బండి కట్టించుకొని వచ్చిన రోజు టీచరమ్మ మా గడప దగ్గర నిలబడింది. అప్పటికే ఆయాసంతో ఉంది, గోడ పట్టుకొని నిలబడింది. "తల్లి దగ్గర్నుంచి తీసుకుపోతే పాప ఒక భాష నేర్చుకోదు నాయనా, ఒక భాష పోగొట్టుకుంటాది" అంది. బండి ఖాళీగా తిరిగిపోయింది.

మొన్న గురువారం ఆమెను సాగనంపి స్నానాలు చేసి వస్తుంటే మా తమ్ముడు నా పక్కన చేరాడు.

"ఆయమ్మ పాయె. ఇంగ అడ్డం చెప్పేవాళ్లు ఎవరుండారు? పాపను పంపించన్నా."

"నేనుండా. పంపను."

"ఎప్పటికీ మాట రాకపోతే?"

"రాకపోనీ. మాట లేకుండానే వాళ్లమ్మ దగ్గర పెరుగుతాది."

పాప పలుకుతుందని తెలిసి అన్న మాట కాదది. పలకకపోయినా అదే అనేవాణ్ణి, రేపు ఎవరడిగినా అదే అంటాను. నాకంటే పెద్ద చదువులు చదివినవాళ్లు వచ్చి అడిగినా సరే.

ఆదివారం పొద్దున మా ఇంటిది వంటింట్లో ఉంది, అక్క దేవుడి దగ్గర ఉంది, నేను వసారాలో గుడ్డలు మడత పెడుతున్నాను. పెరట్లోకి ఎవరిదో మేక జొరబడి, దండెం మీద ఆరేసిన అక్క చీర చెంగు నములుతోంది. పాప దాని ముందు నిలబడి చూసింది. వంటింటి వైపు తిరిగి "అమ్మా, బా ఇల్లి" అంది. అమ్మ వచ్చేలోగా దేవుడి గది వైపు తిరిగి "అత్తా, ఈడికి రా" అంది.

ఎవరి మాట వాళ్లకు. తప్పు లేదు, తడబాటు లేదు. మా అక్క హారతి పళ్లెం పట్టుకొనే పరుగెత్తి వచ్చి పాప ముందు కూలబడింది. చీర సంగతి ఆమెకు గుర్తే లేదు. మేకను నేనే తోలాను. తోలుతూ ఏడ్చాను, దాచుకోను. లోపల మా ఇంటిది పాప చేత మళ్లీ మళ్లీ అనిపిస్తుంటే అక్క కళ్లు తుడుచుకుంటూ, ఆ బా అంటే ఏందో నాకూ చెప్పమ్మా అని అడుగుతోంది.

రెండు భాషలు పిల్లల్ని చెడగొడతాయనే పెద్దమనుషులు ఎవరైనా సరే మా పెరట్లోకి వచ్చి వినవచ్చు. నాలుగు రోజులుగా ఆ పిల్ల నోరు మూత పడటం లేదు. టీచరమ్మా, నీకు దండం. ఇక ఈ సంగతి చెప్పవలసినవాళ్లు చాలామంది ఉన్నారు.

పులివెందులలో తమ్ముడికి, మరదలికి. పాప కోసమని సర్దిన గదిలో ఇక శనక్కాయ మూటలు వేసుకొమ్మని కూడా చెప్పాలి. జమ్మలమడుగులో పెద్ద వదినకు, ఆమె ద్వారా ఆ వీధి మొత్తానికి. పిల్ల మూగదని ఎవరిదో పెళ్లిలో పదిమంది ముందు అన్న మా మేనమామకు, నేనే స్వయంగా. జమ్మలమడుగులోనే టీచరమ్మ తమ్ముడికి. ఆయన మాకు బంధువు కాదని ఎవరూ అనకండి, ఈ ఆదివారం నుంచి బంధువే.

చివరగా బళ్లారిలో మా అత్తగారికి. ఆమెకు జాబు రాయను. ఎర్రగుంట్లలో రైలెక్కి గుంతకల్లు మీదుగా నలుగురం పోతాం, అక్క కూడా వస్తానంది. పాపను కిటికీ పక్కన కాదు, వాళ్లమ్మకూ మా అక్కకూ నడుమ కూర్చోబెడతాను. బయట కొండ కనపడితే అటు తిరిగి ఒకసారి చెప్పనీ, ఇటు తిరిగి ఒకసారి చెప్పనీ.