ఒక కుర్చీకి తొమ్మిది ఓబోలు

ఓడెట్ మార్కాట్ పొద్దున స్కూలు బస్సు నడుపుతుంది. సాయంత్రం ఓబో నేర్పుతుంది. రెండు పనులకూ కావలసింది ఒకటే అంటుంది ఆవిడ: వెనక ఎంత గోల జరుగుతున్నా ముందుకే చూడటం.

ఓబో అంటే మన సన్నాయికి చలిదేశపు చుట్టం. నల్లకర్ర ఒళ్లు, వెండి మీటలు, కొసన రెండు రేకుల రెల్లు పీక. ఆ పీకను నానబెట్టి, చాకుతో వెంట్రుకవాసి చొప్పున గీకి, ఊది చూసి, మళ్లీ గీకాలి. ఓడెట్ వంటింటి కిటికీ దగ్గర కూర్చుని గీకుతుంటే ఒళ్లో సన్నటి పొట్టు రాలుతుంది. కిటికీ అవతల మెరిమాక్ నది, మూతపడిన నూలుమిల్లుల ఎర్రగోడల్ని తలకిందులుగా మోసుకుంటూ, ఎవరినీ ఏమీ అడగకుండా పోతూ ఉంటుంది.

ఇరవై రెండేళ్లుగా ఆ ఊరి ఆర్కెస్ట్రాలో ఓబో అంటే ఆవిడ ఒక్కతే. ఇద్దరి కోసం రాసిన సంగీతంలో రెండో గొంతు రావలసిన చోట ఖాళీ వినిపిస్తుంది. ఆ ఖాళీని ఓడెట్ మనసులో వాయించుకుంటుంది. ఎవరికైనా నేర్పుదామంటే ఒక్క పిల్ల తప్ప వచ్చేవాళ్లు లేరు. మొదటి ఏడాదంతా ఓబో బాతు మెడ పిసికినట్టు అరుస్తుంది. ఏ తల్లి భరిస్తుంది?

అలాంటిది కిందటి సెప్టెంబరులో, ఒక్క వారంలో, ఎనిమిది మంది తల్లులు ఫోన్ చేశారు.

ఊరికి పైన కొండ మీద సెయింట్ ఆల్బ్రిక్స్ అనే హాస్టలు బడి ఉంది. అందులో సీటు దొరకడం స్వర్గంలో దొరకడం కన్నా కష్టం. స్వర్గానికి కనీసం ఇంటర్వ్యూ లేదు. వందమంది తలుపు తడితే పదిమందికి తెరుచుకుంటుంది, ఆ వందమందీ అన్నిట్లో మొదటి మార్కుల వాళ్లే. కాబట్టి తెలివైన తల్లిదండ్రులు బడికి ఏం తక్కువైందో ముందు కనిపెట్టి, పిల్లల్ని ఆ కన్నానికి సరిగ్గా పట్టేలా చెక్కుతారు. అంతకుముందు ఏడు బడి హాకీ జట్టుకి గోలీ, అంటే గోలు కాచేవాడు, కావాలని కబురు పుట్టింది. ఆ చలికాలం ఊళ్లో ఏ పిల్లాణ్ణి చూసినా గోలీయే. గోలు కొట్టేవాడు ఒక్కడూ మిగల్లేదు.

ఈ ఏటి కబురు: కొండ మీది ఆర్కెస్ట్రాలో ఓబో వాయించే పిల్ల చదువు ముగించి వెళ్లిపోతోంది.

"మిసెస్ మార్కాట్, మా థాచర్‌కి చిన్నప్పట్నించీ ఓబో అంటే ప్రాణమండీ," అంది మిసెస్ విట్‌లాక్.

"చిన్నప్పుడంటే ఎప్పుడు?"

"ఆగస్టు నుంచి."

"సరే, పంపండి."

"జనవరిలో అప్లికేషనండీ. అప్పటికి ఎంతవరకూ వస్తుంది?"

"అప్పటికి బాతులా అరుస్తుంది. ఓబో పుట్టడానికి ఇంకో రెండేళ్లు."

"అయ్యో, అన్నేళ్లెందుకండీ! మాక్కావలసింది మూడు నిమిషాల వీడియోనే."

అలా ఆ వంటింట్లో ఎనిమిది బాతులు చేరాయి. పక్కింటి కుక్క ఇల్లు మారిపోయింది.

తొమ్మిదో పిల్ల వీళ్లకన్నా మూడేళ్లు ముందు వచ్చింది. పేరు ఇడలీనా బార్రోస్. కేప్ వెర్డ్ దీవుల నుంచి వచ్చిన కుటుంబం, తల్లి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. ఓడెట్ బస్సులో ఆఖరి స్టాపు ఆ పిల్లది. బస్సు నడుపుతూ డ్రైవరమ్మ కూనిరాగం తీస్తుంటే, "అది సగం పాటే కదా, మిగతా సగం ఏది?" అని అడిగింది ఒకరోజు. ఓడెట్ ఆ రోజు స్టాపు దాటి పోనిచ్చింది. పధ్నాలుగేళ్లు వచ్చేసరికి ఇడలీనా శ్వాస పొడవైంది, శ్రుతి నిలిచింది. వచ్చే ఈస్టరు కచేరీలో, ఆ తర్వాత ప్రతి ఈస్టరుకీ, తన పక్క కుర్చీలో కూర్చునేది ఈ పిల్లేనని ఓడెట్ ఎవరికీ చెప్పకుండా నిర్ణయించుకుంది.

నవంబరులో ఒక సాయంత్రం ఆ పిల్ల అంది: "మా సైన్సు టీచరు నన్ను కూడా సెయింట్ ఆల్బ్రిక్స్‌కి అప్లై చెయ్యమంది. మీరో ఉత్తరం రాయాలట."

ఓడెట్ చాకు జారింది. రెండు గంటలు గీకిన పీక అంచు లేచిపోయింది. కొండెక్కిన పిల్లలు శనాదివారాలు కూడా దిగరు. వాళ్ల కచేరీలు వాళ్లవి, వాళ్ల ఈస్టర్లు వాళ్లవి.

"సరేలే. రాస్తాను," అంది.

ఎనిమిది మంది తల్లులు మాత్రం ఆవిడకి శ్రమ ఇవ్వలేదు. ఉత్తరాలు తామే రాసుకుని తెచ్చారు. ఎనిమిదింటిలోనూ 'తరానికి ఒక్కరు పుట్టే ప్రతిభ' అని ఉంది. ఒకే ఊళ్లో, ఒకే ఏడు, తరానికి ఒక్కరు చొప్పున ఎనిమిది మంది. ఇంత అబద్ధాన్ని నమ్మే మనిషి భూమ్మీద ఉండడని ఓడెట్ నమ్మకం. సంతకాలు పెట్టేసింది. ఆవిడ చేసిన తప్పు అదొక్కటే.

ఇడలీనాకి మాత్రం రెండు సాయంత్రాలు కూర్చుని తనే రాసింది. 'ఇడలీనా బార్రోస్ బాగా వాయిస్తుంది. శ్రుతి తప్పితే తనకే తెలుస్తుంది. పీక తనే చెక్కుకుంటుంది.' ఆవిడ నోట్లో 'బాగా'కి పైన ఇంకో మెట్టు లేదు.

ఫిబ్రవరిలో, నది పైన మంచు పలకలా కట్టిన రోజున, కొండ మీద ప్రవేశాలు చూసే ఆఫీసు నుంచి ఆల్డెన్ అనే కుర్ర ఉద్యోగి ఫోన్ చేశాడు.

"మిసెస్ మార్కాట్, కొంచెం సున్నితమైన విషయం. బార్రోస్ అమ్మాయి గురించి మీరు... 'బాగా వాయిస్తుంది' అని రాశారు."

"రాశాను."

"ఏం జరిగిందండీ?"

"ఏం జరగడమేంటి?"

"అంటే, ఆ పిల్లతో ఏవన్నా గొడవా? మిగతా ఎనిమిది మందీ తరానికి ఒక్కరు, ఈ పిల్ల ఒక్కతే 'బాగా'. పైకి చెప్పలేక అలా రాశారని మాకర్థమైందిలెండి."

"బాబూ, ఆ ఎనిమిది మందికీ వాయించడం రాదు. ఈ పిల్లకొచ్చు. అదీ నేను రాసింది."

అతను మర్యాదగా నవ్వాడు. "మీరు భలే హాస్యమాడతారండీ."

"నమ్మకపోతే వచ్చి వినండి. మంగళవారం నాలుగింటికి మా వంటింట్లో ఉంటుంది."

"వినడమా? పదిహేను వందల ఫైళ్లండీ మా దగ్గర! చదవడానికే ఊపిరాడట్లేదు, ఇంక వినడం కూడానా? ఇంతకీ మీ మాట అలాగే ఉంచెయ్యమంటారా?"

ఓడెట్ కిటికీ వైపు తిరిగింది. ఉంచెయ్యమంటే చాలు. అబద్ధమాడినట్టు కూడా కాదు. నిజం నిజంలాగే ఫైల్లో పడుకుంటుంది, పిల్ల ఊళ్లోనే ఉంటుంది, పక్క కుర్చీ నిండుతుంది. ఇంత సుఖమైన నిజం ఆవిడకి జీవితంలో ఎప్పుడూ దొరకలేదు. నదిపై మంచు ఎక్కడో సన్నగా చిట్లిన చప్పుడైంది. పిల్ల మూడేళ్లుగా చలికి పగిలిన వేళ్లతో గీకిన పీకలన్నీ కిటికీ గట్టు మీద వరసగా ఉన్నాయి.

"రాసుకోండి," అంది.

"చెప్పండి, చెప్పండి!"

"తరానికి ఒక్కరు కాదు. శతాబ్దానికి ఒక్కరు."

"శతాబ్దానికి... ఆఁ. ఇంకా?"

"ఈ పిల్ల వాయిస్తుంటే మెరిమాక్ నది ఆగి వింటుంది."

"ఆగి... వింటుంది. అద్భుతం! ఇదేనండీ మాక్కావలసింది. ఈ ముక్క మొదటే రాసుంటే మీకూ మాకూ ఇంత ఇబ్బంది ఉండేది కాదుగదా."

మార్చి పదో తారీకున ఫలితాలొచ్చాయి. ఇడలీనాకి ఫీజు లేని సీటు వచ్చింది. ఎనిమిది మందిలో థాచర్ ఒక్కడికే వచ్చింది. ఆ సాయంత్రమే కిరాణాకొట్టు నోటీసు బోర్డు మీద 'ఓబో అమ్మబడును, దాదాపు కొత్తది' అని మిసెస్ విట్‌లాక్ చీటీ వెలిసింది. మిగతా ఏడుగురు తల్లుల్లో ఒకావిడ ఫోన్ చేసి, కనెటికట్‌లో ఒక బడికి బసూన్ వాయించేవాళ్లు కావాలట, మీకు బసూన్ కూడా వచ్చా అని అడిగింది.

మంగళవారం నాలుగింటికి ఇడలీనా వచ్చింది. కోటు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"మిసెస్ మార్కాట్, మా అమ్మ ఏడ్చింది."

"ఏడవనీ. లోపలికి రా, చలిగాలి వస్తోంది."

"మీ మాట వల్లే సీటొచ్చిందని బడివాళ్లే చెప్పారు. ఏం చెప్పారు మీరు?"

"నువ్వు వాయిస్తుంటే నది ఆగి వింటుందన్నాను."

పిల్ల కిటికీలోంచి చూసింది. మంచు కరిగి, నది బురదరంగులో, తొందరగా పోతోంది.

"ఆగలేదుగా?"

"నాలుగో వరసలో శ్రుతి దిగిపోతుంటే ఎందుకాగుతుంది?"

ఇద్దరూ నవ్వారు. ఓడెట్ నవ్వు కాస్త ముందే ఆగిపోయింది. లేచి, ఈస్టరు కచేరీ కాగితాలు తీసి, తన పేరున్న మొదటి గొంతు కాగితాన్ని పిల్ల ముందు స్టాండు మీద పెట్టింది. ఇరవై రెండేళ్లుగా ఎవరూ ముట్టని రెండో కాగితాన్ని దులిపి తన ముందు పెట్టుకుంది.

"ఇది మీది కదా?" అంది ఇడలీనా.

"ఈ ఈస్టరుకి నీది."

"మరి వచ్చే ఏడు?"

"వచ్చే ఏడు సంగతి ఇప్పుడెందుకే? ఐదు వారాలే ఉన్నాయి. కోటు విప్పి పీక నానబెట్టు."