సర్వర్ గది పెత్తనం

వాడు నన్ను "బావ" అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మా యార్డులో కంప్యూటర్ల పనికి కొత్తగా చేరిన కుర్రాడు, వాడిది భీమిలి. వాళ్ల నాన్న, అన్నలు ఇప్పటికీ వేటకి వెళ్తారు. మా నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాడు. మా రెండిళ్లకీ ఏ చుట్టరికమూ లేదు. అయినా వాడికి గేటు గుమాస్తా బావే, కాటా మీద లారీలు తూచే మనిషీ బావే, నేనూ బావనే. వాడు పిలిస్తే పిలిచాడు, వాళ్లంతా తిరిగి వాణ్ణి కూడా బావా అనడమే నాకు మింగుడు పడలేదు. అన్నేళ్ల నుంచి అక్కడే ఉన్న నన్ను మాత్రం "సార్" దగ్గరే ఆపేశారు.

మాది పోర్టు రోడ్డులో స్టీల్ కాయిల్స్ నిల్వ చేసి ఓడలకి పంపే యార్డు. అందులో నా రాజ్యం ఒక చిన్న ఏసీ గది. ఆ గదిలో ఉండేది మేనేజ్‌మెంట్ సర్వర్. గేటులోనైనా, కాటా దగ్గరైనా, గోడౌన్‌లోనైనా ఎవరు కంప్యూటర్ తెరవాలన్నా ముందు అది సరే అనాలి. అది సరే అనాలంటే నేను సరే అనాలి. దాని ఫ్యాను చప్పుడు బట్టి దానికి ఒంట్లో ఎలా ఉందో చెప్పేవాణ్ణి. మా ఆవిడ జ్వరం కూడా నేను అంత తొందరగా కనిపెట్టలేదని ఇంట్లో ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.

ఆ ఏడాది సిస్టమ్స్ అన్నీ అప్‌గ్రేడ్ చేయాలన్నారు. మా సర్వర్ ముసలిదైపోయింది, దాన్ని వర్చువల్ మెషీన్‌గా మార్చేద్దామన్నాడు మేనేజరు. అంటే పెట్టెలో ఉన్నదంతా ఉన్నదున్నట్టు నకలు తీసి, ఇంకో పెద్ద యంత్రం లోపల నడిపిస్తారు. సొంత ఇల్లు ఖాళీ చేసి సామానంతా అపార్ట్‌మెంట్‌లో ఒక వాటాలోకి మార్చుకోవడం లాంటిదే. వాడు రుషికొండలో ఏదో కంపెనీలో ఈ పని నేర్చుకుని వచ్చాడు కాబట్టి మేనేజరు దాన్ని వాడికే అప్పగించాడు. కొత్త సర్వర్ బాధ్యత ఎవరిదన్నది అంతా కుదుటపడ్డాక చెబుతానన్నాడు. నాదేనని పైకి ధీమాగానే ఉన్నాను. లోపల మాత్రం అంత ధీమా లేదు.

వాడు మార్పిడి చేస్తున్నంతసేపూ వెనకాల కుర్చీలో కూర్చుని, మధ్యలో ఎక్కడో ఆగిపోవాలని కోరుకున్నాను. ఆగలేదు. సర్వర్ మారినట్టు యార్డులో ఎవరికీ తెలియనే లేదు. మర్నాడు వాడు వాళ్లమ్మ చేతి వంజరం వేపుడు తెచ్చి అందరికీ పెట్టాడు. నేనూ తిన్నాను. చాలా బాగుంది. అది కూడా నాకు కంటగింపుగానే ఉంది.

పాత పెట్టెని ఆపేశారు గానీ గదిలోంచి తీయలేదు. కొత్తది మొరాయిస్తే వెంటనే వాడుకోవచ్చని కేబుళ్లు కూడా అలాగే ఉంచారు. ఒక్కటే షరతు. కొత్తది నడుస్తుండగా దాన్ని ఆన్ చేయకూడదు. రెండింటికీ పేరు ఒకటే, నెట్‌వర్క్‌లో చిరునామా ఒకటే. రెండూ ఒకేసారి లేస్తే ఏది అసలో తెలియక మిగతా కంప్యూటర్లన్నీ తికమకపడతాయి. అందుకే వాడు "ఆన్ చేయొద్దు" అని కాగితం రాసి దాని మొహాన అంటించాడు.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. మా ఊళ్లో పోర్టు మనుషులకీ స్టీలు మనుషులకీ అది పెద్ద పండగ. యార్డులో ప్రతి యంత్రాన్నీ శుభ్రంగా తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టారు. సర్వర్ గది కూడా తుడిచారు. ఆ తుడవడంలో వాడి కాగితం ఊడిపోయింది. కొబ్బరికాయ కొట్టాక మేనేజరు ప్రతి యంత్రం దగ్గరికీ వెళ్లి తన చేత్తో స్విచ్ వేయడం మా దగ్గర ఆనవాయితీ. క్రేన్లయ్యాయి, కాటా అయింది. చివరికి సర్వర్ గదిలోకి వెళ్లి, బొట్టు పెట్టి ఉన్న పాత పెట్టెకి కూడా భక్తిగా స్విచ్ వేసి వచ్చాడు.

ప్రసాదం పంచుతుండగానే గేటు కంప్యూటర్ లాగిన్ కావడం లేదని కబురొచ్చింది. వెనకాలే కాటా కూడా ఆగిపోయింది. ట్రైలర్లు రోడ్డు దాకా బారు తీరాయి. జనమంతా వాడి దగ్గరికే పరిగెత్తారు. నన్ను దాటుకునే వెళ్లారు, ఒక్కడూ నా వైపు చూడలేదు. వాడు చెమటలు కక్కుతూ స్క్రీన్‌కి అతుక్కుపోయాడు. కంటికి కనపడని మెషీన్‌ని నమ్ముకుంటే ఇంతేనని ఎవరో అన్నారు. మేనేజరు మొహం మాడిపోయింది.

అప్పుడు వినిపించింది నాకు, తలుపు అవతల పాత ఫ్యాను చప్పుడు. ఏం జరిగిందో వెంటనే అర్థమైంది. ఇంకాసేపు నోరు మూసుకుని ఉంటే ఆ గది పెత్తనం మళ్లీ నా చేతికే వస్తుందని కూడా అర్థమైంది. అయినా చెప్పేశాను. మంచితనమనుకునేరు, కాదు. వాడు కనిపెట్టేలోపు నేనే కనిపెట్టానని అందరికీ తెలియాలనిపించింది. అంతే.

పాత పెట్టెని ఆపి కేబుల్ పీకేశాను. వాడు కొత్తదాన్ని ఒకసారి రీస్టార్ట్ చేశాడు. గేటు తెరుచుకుంది. వాడు నా చెయ్యి పట్టుకుని, అందరూ వినేలా అన్నాడు.

"నాను స్క్రీన్ సూత్తన్నాను బావ. నువ్వు దాని సప్పుడు ఇన్నావు."

చప్పట్లు కొట్టారు. మేనేజరు భుజం తట్టాడు. ఆ రోజు ఇంటికి వెళ్తూ దారి పొడుగునా కూనిరాగాలు తీశాను.

తర్వాతి వారం బాధ్యత వాడికిచ్చారు. కొత్త సర్వర్ ఆనుపానులన్నీ వాడికే తెలుసు, మీరు పక్కనుండి చూసుకోండని మేనేజరు చాలా మర్యాదగా చెప్పాడు. పొగడ్త నాకు మిగిలింది, పెత్తనం వాడికి దక్కింది. అటుది ఇటు, ఇటుది అటు అయితే ఎంత బాగుండేదో అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను.

అప్పగింతల్లో ఆఖరిది పాస్‌వర్డ్. నా పాతది చెప్పాను. దాన్ని తీసేసి వాడు కొత్తది పెట్టుకోవాలి. మా పనిలో ఒక మర్యాద ఉంది, ఎదుటివాడు పాస్‌వర్డ్ కొడుతుంటే మొహం తిప్పుకోవాలి. ఇన్నేళ్లూ నేను కొడుతుంటే అందరూ తిప్పుకునేవారు. ఆ రోజు నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. వెనక కీబోర్డు టకటకమంది, ఆగింది.

"అయిపోనాది బావ, ఇటు తిరుగు" అన్నాడు.

నేను వెంటనే తిరగలేకపోయాను.