ఇల్లుబండికి కాక ఎంచిన నూనె

మొన్న సోమవారం పొద్దున సాంచలు నడుపుతుంటే కాక పోయాడని కబురొచ్చింది. ఆ మరమగ్గాల చప్పుడులో సరిగ్గా వినబడక రెండోసారి చెప్పించుకున్నాను. సాంచ ఆపి, తెగిన పోగు అతికి, అప్పుడు చెప్పులేసుకున్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఆయన మా పక్కింటి మనిషి. తెలంగాణ నుంచి సూరత్‌కు బట్ట నేయడానికొచ్చిన మా గల్లీ అందరికీ కాకే. సూరత్ పక్కన కిమ్‌లో ఓ మిల్లు వదిలించుకున్న పాత బస్సు కొని, సీట్లు పీకించి, పడుకునే బల్లలు, పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టించాడు. ఊరికెళ్లేటప్పుడు నాలుగిళ్ల వాళ్లం అందులోనే వండుకు తింటూ పోయేవాళ్లం. దాన్ని ఇల్లుబండి అనేవాళ్లం.

నూనె దగ్గర మాత్రం కాకది మహా చాదస్తం. డబ్బా మీద డీజిల్ ఇంజనుకని రాసుండాలి, చిక్కదనం నంబరు నలభై ఉండాలి, సీలు విప్పకుండా ఉండాలి. దుకాణంవాడు చవకది చూపిస్తే, "గది నీ స్కూటర్ల పోస్కో భాయ్. నాది ఇల్లును మోసే ఇంజన్. ఎండల ఘాట్లెక్కుతది. జర చిక్కటిది ఇయ్యి" అనేవాడు.

నాకూ చెప్పాడు: "సాంచల నూనె పల్చగుంటది, బట్టకు మరక కాకుంట. ఇంజన్ నూనె గట్ల కాదు. మురికంత తన్లనే వెట్టుకుంటది. నల్లగైందంటే పని జేసిందన్నట్టు."

విన్నాను, తలకెక్కించుకోలేదు. ఊళ్లో ఎదురింటి అన్న చెల్లెలి పెళ్లికి బయల్దేరే ముందురోజు బండిలో నూనె తక్కువుందని నేనే చూశాను. షెడ్డులో ఉన్న సాంచల నూనె తెచ్చి పోసేశాను. మగ్గం మనిషికి నూనంటే అదే మరి!

పొద్దున అందరూ సామాన్లతో ఎక్కి కూర్చున్నారు. కాక అలవాటుగా ఇంజన్లో నూనె చూసే చువ్వ లాగి, బొటనవేలితో రుద్దాడు. నా వైపు చూసి మెల్లగా, "సాంచల నూనె పోసినవా, బిడ్డా?" అన్నాడు. తల వంచుకున్నాను. ఆయన బండిలోని వాళ్ల వైపు తిరిగాడు.

"నాదే తప్పు. నూనె తప్పు పోసిన. గిట్లనే పోతే నడిమిట్ల ఇంజన్ పట్టేస్తది. అంత దించి, కడిగి, మల్ల పోయాలె. దిగుండ్రి."

బయల్దేరేసరికి సాయంత్రమైంది. మేం చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి. పెళ్లిపందిట్లో అన్న కాకను నోటికొచ్చినట్టు తిట్టాడు. కాక తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ తర్వాత అన్న ఇల్లుబండి ఎక్కలేదు, కాక గుమ్మం తొక్కలేదు. కాక కూడా ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. నాతో మునుపటిలాగే ఉండేవాడు. అదే నాకు ఎక్కువ బరువైంది.

మొన్న దహనం అయ్యాక గల్లీలో అరుగు మీద కూర్చున్నాం. "మంచోడే. గా ఒక్క మతిమరుపే లేకుంటే నా చెల్లె లగ్గం కండ్లార చూస్తుంటి" అన్నాడు అన్న.

"గా నూనె పోసింది నేను" అన్నాను.

"గీ మాట పొద్దుగాల చెప్తే, ఆఖరుకు ఆయన మొఖమన్న చూస్తుంటి గదరా" అని అన్న లేచి వెళ్లిపోయాడు.

నేను బండి దగ్గరికి పోయి చువ్వ లాగాను. నూనె సరిగ్గా గీత దాకా ఉంది, నల్లగా. కాకలాగే బొటనవేలితో రుద్దాను. తుడుచుకోవడానికి చుట్టూ చూస్తే, ఆయన తువ్వాలు స్టీరింగు మీద ఆరేసి ఉంది.