ఒకటి లేని మిషను

మా తోడికోడలు నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. అక్కా అని పిలుస్తాను గానీ, మా మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఒకే ఇల్లు చాలదన్నట్టు ఆఫీసూ ఒకటే. నేను తపాలా విభాగంలో, ఆవిడ టైపు గదిలో. ముప్పై ఒక్క ఏళ్లుగా పాత మిషను మీద టైపు కొడుతున్న మనిషి. ఆ గదికి సోమవారం తాళం వేస్తున్నారు. ఆ గదివాళ్లకిచ్చిన కంప్యూటర్ శిక్షణ చివర హ్యాకథాన్ పెట్టారు. ఒక్క రోజులో జట్టుగా కూర్చుని ఫోన్‌లో ఆడే ఆట తయారుచేయాలి. అది సరిగ్గా పనిచేస్తేనే ఆవిడకు కొత్త విభాగంలో సీటు, లేకపోతే ఇంటికే. నా సీటుకు ఢోకా లేదు. జట్టుకు ఇద్దరుండాలన్నారని వెళ్లాను.

ఆట చిన్నదే. పైనుంచి చినుకులు పడుతుంటే బకెట్టును వేలితో జరిపి పట్టాలి. చినుకుకు ఒక మార్కు. ప్రోగ్రాం రాసుకున్న కాగితం చూసి నేను చదివాను, అక్క టకటకా కొట్టింది. మూడింటికి ఫోన్‌లో పెట్టాం. మొదటి చినుకు బకెట్టులో పడగానే ఆట బిగుసుకుపోయింది. నాలుగింటికి చూపించాలి.

"నువ్వే తప్పు చదివుంటావ్," అంది అక్క.

"ఆహా, ఆడలేక మద్దెల ఓడన్నట్టు!"

తప్పు ఫలానా వరుసలో ఉందని కంప్యూటర్ చెబుతూనే ఉంది. మార్కులకు ఒకటి కలపమని చెప్పే వరుస అది. కాగితంలో ఉన్నట్టే ఉంది. అక్క ఆరుసార్లు చెరిపి కొట్టింది, ఆరుసార్లూ అదే ఏడుపు. పక్క జట్టు ఫోన్‌లో అప్పుడే కప్ప గెంతుతోంది. అక్క మాటిమాటికీ గడియారం చూస్తోంది. నాకూ భయమేసింది.

ఏడోసారి నేను తెరను వదిలేసి ఆవిడ వేళ్లను చూశాను. మీటల్లో అంకెలుండే పై వరుసకు వేలు వెళ్లనే లేదు.

"అక్కా, ఆగు! ఒకటి ఎక్కడ కొట్టావ్?"

"ఎక్కడేంటే, ఎప్పుడూ కొట్టేచోటే. చిన్న ఎల్."

"ఎల్లా!"

"మా మిషన్లో ఒకటికి మీట ఎక్కడేడ్చింది? ఎల్ కొడితే కాగితం మీద ఒకటిలాగే పడుతుంది."

తెర మీదా అలాగే కనిపిస్తోంది. కంప్యూటర్‌కు మాత్రం అది అక్షరం. తల పట్టుకున్నాను. ఇంకా పదకొండు నిమిషాలే. అన్నీ ఒక్క దెబ్బతో మార్చేద్దామంటే ప్రోగ్రాంలోని ఇంగ్లీషు మాటల్లో ఉన్న అసలు ఎల్‌లు కూడా పోతాయి.

"నా వేళ్లను నేను నమ్మను. నేను చూపిస్తా, నువ్వు కొట్టు," అంది.

ఆవిడ ఒక్కోచోట ఆగేది, నేను ఒంటివేలితో పొడిచేదాన్ని. పదహారు చోట్ల మార్చాం.

నాలుగింటికి పరీక్షాధికారి మా ఫోన్ అందుకున్నారు. మార్కులు పది, ఇరవై అయ్యాయి. హమ్మయ్య అనుకుంటుంటే అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంకోటి మిగిలిపోయిందే. యాభైకి వేగం పెంచేచోట."

"నీకు దణ్ణం పెడతా, మాట్లాడకు. ఆయన అంతదాకా ఆడరులే."

ఆ మహానుభావుడు ఒక్క చినుకైనా వదిలితేనా! ముప్పై ఎనిమిది. నలభై మూడు. నలభై ఏడు.

"సార్, ఆపండి," అంది అక్క. "యాభైకి ఆగిపోతుంది. ఒకటి బదులు ఎల్ కొట్టాను. తప్పు నాదే."

ఆయన తలెత్తి, "ఎక్కడుందో చూపించగలరా?" అన్నారు. అక్క చూపించి దిద్దింది. ఆయన మళ్లీ మొదటినుంచి ఆడి, యాభై దాటించారు.

"ఇప్పటిదాకా పద్నాలుగు ఆటలు చూశాను. తమ ఆట ఎక్కడ చెడుతుందో చెప్పింది మీరొక్కరే. సోమవారం కొత్త విభాగానికి రండి."

బయటికి రాగానే మెట్ల మీదే విరుచుకుపడ్డాను. "బుద్ధుందా నీకు? సీటు పోయుంటే?"

"పోతే పోయేది. అది ఆగిపోతే అందరూ నిన్నే అనేవాళ్లు, తప్పు చదివిందని. ఇందాక నేనే అనలేదూ?"

పద్దెనిమిదేళ్లుగా ప్రతి మాటకూ మాట అప్పజెప్పినదాన్ని, ఆ మెట్ల మీద ఆవిడ భుజాన తల పెట్టి ఏడ్చేశాను.