విగ్రహం దగ్గర దొరికిన గ్లాసు

నేను చదివింది మూడో తరగతి. దయ్యాలున్నాయని ఏనాడూ నమ్మలేదు. ఎవరికైనా దయ్యం పట్టిందంటే పని ఎగ్గొట్టడానికే అనుకునేదాన్ని. తాయెత్తుకని, దిష్టి నిమ్మకాయకని ఒక్క రూపాయి తగలేసినదాన్ని కాదు. ఇది కూడా దయ్యం సంగతని నేను అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గరి ఊరు. మా అబ్బాయి సింహాచలం తాపీ మేస్త్రి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో వాడికి జిల్లాలోని యూనివర్సిటీలో ఒక పెద్దాయన విగ్రహానికి దిమ్మ కట్టే పని దొరికింది. పక్కనే మంచినీళ్ల కుళాయికి గట్టు కూడా వాడే కట్టాడు. ఒకసారి నన్ను తీసుకెళ్లి చూపించాడు. విగ్రహాన్ని నిలబెట్టారు గానీ, తెరిచే పెద్దలకు తీరిక లేక పసుపు గుడ్డ చుట్టి ఉంచారు. కుళాయికి ఇంకా నీళ్లు వదల్లేదు.

"ఇగ్రహం ఆయనది, దిమ్మ నాదమ్మా. దిమ్మ నేకపోతే ఆయన నేల మీదే" అని నవ్వాడు.

ఆ ఏడే వాడికి కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది. మా వైపు చాలా ఇళ్లలో ఉన్న జబ్బే. డయాలసిస్‌కి విశాఖపట్నం తిప్పాం. నా కిడ్నీ తీసి పెట్టమని డాక్టరు కాళ్లు పట్టుకున్నాను. వయసు మీరింది, పనికిరాదన్నారు. నీళ్లు ఎక్కువ తాగితే ఒంట్లోనే నిలిచి ఊపిరాడదని, రోజుకు అర లీటరు మించకూడదని చెప్పారు.

ఆ కొలత నేను చూసుకున్నాను. నా పేరు చుక్కలతో కొట్టించిన చిన్న స్టీలు గ్లాసు ఒకటుండేది. వాడు చిన్నప్పుడు నూతి గట్టు మీద పడేస్తే అంచు సొట్టపోయింది. దానితో రోజుకు మూడు. కోడలు జాలిపడి ఎక్కువ పోస్తుందేమోనని బిందె నా మంచం పక్కనే పెట్టుకున్నాను. ఎండాకాలం. వాడు పెదాలకు తడిగుడ్డ అద్దుకుంటూ దాన్నే చప్పరించేవాడు. ఆ గుడ్డ కూడా లాక్కున్నాను. వాడు బతకాలి, అంతే.

ఒక సోమవారం ఉదయం ఆయాసం ఎక్కువైతే టెక్కలి ఆసుపత్రిలో చేర్చాం. మధ్యాహ్నానికే ఆ రోజు వంతు నీళ్లు అయిపోయాయి. రెండింటప్పుడు వాడు కళ్లు తెరిచాడు.

"అమ్మా, ఒక్క గ్లాసే."

"రేపిత్తాను. నోరు మూసుకోని తొంగో" అన్నాను.

గ్లాసు చేతిసంచిలో వేసి, మూతి ముడేసి, ఒళ్లో పెట్టుకున్నాను. రెండో చెయ్యి వాడి ఛాతీ మీదే ఉంది. మూడు దాటాక ఆ చేతి కింద కదలిక ఆగిపోయింది.

ఇంటికొచ్చి ముడి విప్పితే సంచిలో అన్నీ ఉన్నాయి, గ్లాసు లేదు. ఆ ఏడుపులోనే, తనే తీసిందని కోడలిని కేకలేశాను.

దినాలయ్యాక, పని దగ్గరే ఉండిపోయిన వాడి తాపీ, గోడ నిలువు చూసే తూకం గుండు తెచ్చుకుందామని యూనివర్సిటీకి వెళ్లాను. ఇనుప సామాను ఎందుకు పారేసుకోవాలి? విగ్రహానికి ఇంకా గుడ్డ తీయలేదు. అక్కడ తుడిచే పోలమ్మ నన్ను గుర్తుపట్టింది. వాడు పోయిన సంగతి ఆమెకు తెలియదు.

"ఏటత్తా, గ్లాసు కోసం మీ వోడు రాకుండా నిన్ను తోలినాడేటి? దిమ్మ మీద ఒగ్గేసి పోనాడు. పేరున్నాది కదాని దాసినాను" అంటూ షెడ్డులోంచి తెచ్చి ఇచ్చింది.

నా పేరే. అంచున సొట్ట.

ఎప్పుడొచ్చాడని అడిగాను. కుళాయికి మొదటిసారి నీళ్లు వదిలిన రోజు, రెండు దాటాక అంది. వాచ్‌మన్‌ని అడిగాను. నీళ్లు వదిలింది ఆ సోమవారమే అన్నాడు.

"ఎన్ని గ్లాసులు తాగినాడే?" నా నోటికి ముందు అదే వచ్చింది.

"నెక్కెవులు సూసినారత్తా? దిమ్మకి ఆనుకోని కూకోడం, లెగడం, పట్టుకోడం, తాగడం. సొక్కా అంతా తడిపీసుకున్నాడు. నాను నవ్వితే, మాయమ్మకి సెప్పకు, తిడతాది అన్నాడు."

అబద్ధం చెబితే ఆమెకేం వస్తుంది? వాడి ఛాతీ మీంచి నేను చెయ్యి తీయలేదు. సంచి ముడి నేను వేసింది వేసినట్టే ఉంది. గ్లాసు అక్కడికి ఎలా వెళ్లిందో, ఇరవై ఏళ్లు దాటినా నాకు అంతుబట్టలేదు.

తిట్టేదాన్నే. అది మాత్రం నిజం.